రుమాళ్ళు ఆరేసిన గది

మాట్లాడుకోవచ్చని మేమే బోర్డు పెట్టిన గదిలో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి.

నేను కౌంటరు దగ్గర పుస్తకాల మీద తేదీ ముద్ర వేస్తున్నాను. చెయ్యి గాల్లోనే ఆగింది. ఇంట్లో పిల్లలు అరుచుకుంటున్నంతసేపు నేను నిశ్చింతగా వంట చేసుకోగలను. అరుపులు ఆగితేనే స్టవ్ కట్టేసి పరిగెత్తుతాను. ఆ గదిలో ఆరుగురు పిల్లలున్నారు. వాళ్ళలో ఒకతి పదమూడేళ్ళ నా కూతురు.

తర్వాత చెంపదెబ్బ వినపడింది.

మా గ్రంథాలయం తార్నాకలో ఒక పాత భవనం. ముందు పెద్ద హాలు, వెనక పాత పేపర్లు పడేసే గది. నేను అక్కడ తాత్కాలిక ఉద్యోగిని. మాది అనంతపురం వైపు. మా ఆయనకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం వస్తే ఇక్కడికి వచ్చాం. పాపను పక్కింట్లో వదిలి, అదే క్యాంపస్‌లో లైబ్రరీ కోర్సు చదివాను. అక్కడ శిక్షణలో ఉండగా ఒక మధ్యాహ్నం విద్యార్థుల గొడవ జరిగింది. మెట్ల మీద ఒక కుర్రాడి తల పగిలి, రక్తం కంట్లోకి కారుతుంటే అతను చేత్తో తుడుచుకుంటూ ఇంకా రాళ్ళు ఏరుకుంటున్నాడు. మా సీనియర్ ఒకావిడ నన్ను లోపలికి లాగి తలుపు మూసింది. "గొడవైతే ముందు తలుపు ఎయ్యాలె. తర్వాతే ఆలోచన" అంది. కోర్సులో చెప్పింది చాలా మర్చిపోయాను. ఇది మర్చిపోలేదు.

మా హాలు నిండా పోటీ పరీక్షలకు చదివేవాళ్ళే. తెరవగానే వస్తారు, కుర్చీ మీద రుమాలు వేస్తారు, టిఫిన్‌కు వెళ్తారు. బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసినట్టే. పొద్దున వేసిన రుమాలు సాయంత్రం దాకా ఆ కుర్చీని కాస్తుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. నాలుగింటికి బడి వదిలి వచ్చే పిల్లలకు మనుషులు లేని కుర్చీలు కనిపించేవి, కూర్చోవడానికి ఒక్కటీ ఉండేది కాదు. బీరువాలకు ఆనుకుని నిలబడేవాళ్ళు. నిలబడితే నవ్వొస్తుంది, నవ్వితే వాచ్‌మన్ వస్తాడు. ఒకసారి చెక్క స్కేలుతో ఒక పిల్ల మోచేతి మీద కొట్టాడు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు.

నేను ఊరుకోలేకపోయాను. వెనక గది మీ కోసం అడుగుతాను, మీకు ఏం కావాలో రాయండని పిల్లలకు చీటీలు ఇచ్చాను. మాట్లాడనియ్యాలి. చార్జింగ్ పెట్టుకోనియ్యాలి. పరీక్షల పుస్తకాలు కాకుండా దయ్యాల కథలు తేవాలి. ఏం చదువుతున్నవ్ అని అడగొద్దు. మేం రాంగనే గడియారం చూడొద్దు. ఒక చీటీలో మాత్రం ఇలా ఉంది: "వెనక రూంకు గొళ్ళెం బయట ఉన్నది. లోపలికి మార్చాలి." ఆ చీటీ పక్కన పెట్టేశాను. ఈ వయసు పిల్లలు లోపల గడియ పెట్టుకుని ఏం చేస్తారో అన్న భయం నాది.

చీటీలన్నీ పట్టుకుని ఇన్‌చార్జి సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన వెనక గదిని నాలుగు నుంచి ఆరు దాకా పిల్లలకు ఇచ్చారు.

"ఇస్తున్నగానీ, ఒక్క లొల్లి అయిందంటే తాళం ఏస్త. మళ్ల నన్ను అడగొద్దు" అన్నారు.

మూడు నెలలు తాళం పడలేదు. లాలాపేట నుంచి, మౌలాలి నుంచి పిల్లలు వచ్చారు. వాళ్ళ బొమ్మలు, కథలు వాళ్ళే ఫైలు చేసుకునేవాళ్ళు. కాగితాలకు చిల్లులు పొడిచే ఇనుప పంచింగ్ మిషన్ కోసం కొట్టుకునేవాళ్ళు. కానీ ఆ గదిలో కుర్చీల మీద కూడా రుమాళ్ళు పడటం మాత్రం ఆగలేదు. మర్యాదగా తీసి పక్కన పెట్టండని పిల్లలకు చెప్పాను. అంతకు మించి నేనేమీ చేయలేదు. రుమాళ్ళ వాళ్ళను పిలిచి ఒక్క మాట అడగలేదు. వాళ్ళంటే నాకు జాలి ఉండేది. జాలితో పాటు కొంచెం భయం కూడా.

ఆ రోజు పిల్లలు కిటికీ నుంచి కిటికీకి పురికొస కట్టి, గదిలో ఉన్న రుమాళ్ళన్నీ బట్టల క్లిప్పులతో ఆరేశారు. ఒక్కోదాని కింద ఒక చీటీ. "ఈ సీట్లో దయ్యం చదువుతోంది." "ఈ రుమాలుకు గ్రూప్ టూ వచ్చింది." నీలం గళ్ళ రుమాలు కింద "తాత సీటు" అని ఉంది.

అది ఎవరిదో నాకు తెలుసు. క్యాంపస్ హాస్టల్ నుంచి నడిచి వచ్చే అతనిది. ముప్పై దాటాయి, ఏడేళ్ళుగా చదువుతున్నాడు. మా పాపకు భిన్నాలు నేర్పింది అతనే. పాప అతన్ని అన్నా అనేది.

నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి అతను గది మధ్యలో ఉన్నాడు. ఎదురుగా లాలాపేట అబ్బాయి, పదో తరగతి, చెంప పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవడ్రా రాసింది? చెప్తవా లేదా?"

"ఎవరు రాస్తే ఏందన్నా, జోకే గదా" అన్నాడు అబ్బాయి. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "తాతవి కాకుంటే రుమాలేసి పోయి రూంల పంటవా?"

అతను అబ్బాయి కడుపులో తన్నాడు. అబ్బాయి బీరువా మీద పడ్డాడు, అద్దం పగిలింది. నా వెనక హాల్లో కుర్చీలు ఒకేసారి జరిగిన చప్పుడు. పదిహేను మంది లేచారు. "ఎవడ్రా అన్నను అన్నది?" అంటూ వస్తున్నారు.

నేను తలుపు నెట్టి మూసి బయట గొళ్ళెం వేశాను. వీపు తలుపుకు ఆనించి చేతులు చాపాను. "ఎవరూ రావొద్దు! ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు!" అని అరిచాను. వాళ్ళు ఆగారు. నేను పిల్లలను కాపాడాననే అనుకున్నాను.

అప్పుడు నా వీపు వెనక తలుపు అదిరింది. ఒక మనిషి బరువు వచ్చి తలుపుకు తగిలింది. మళ్ళీ తగిలింది. అతను అబ్బాయిని తలుపుకేసి కొడుతున్నాడని నా వెన్నుపూసకు తెలిసింది. ప్రతి దెబ్బా నాకు అందుతోంది. లోపల నుంచి "అమ్మా!" అన్న కేక. ఆ కేక ఏ పిల్లైనా వేస్తుంది. నాకు మాత్రం నా పిల్లే వినపడింది.

తిరిగి గొళ్ళెం లాగాను. లోపలి బరువుకు అది బిగుసుకుంది. రెండు చేతులతో లాగాను, గోరు ఊడి వచ్చింది. "ఇడువు, ఇడువు!" అని ఎవరో ఏడుస్తున్నారు. ఏదో మెత్తటిదాని మీద ఇనుము పడిన చప్పుడు. తలుపు మీద బరువు తగ్గింది. గొళ్ళెం దానంతటదే జారింది.

అబ్బాయి నా కాళ్ళ మీద పడ్డాడు. నోటి నిండా రక్తం, పన్ను ఒకటి గచ్చు మీద ఉంది. వాడి వెనక అతను మోకాళ్ళ మీద కూలిపోయి తల వెనక పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి చొక్కా కాలరు తడుస్తోంది. అతని వెనక మా పాప. రెండు చేతుల్లో పంచింగ్ మిషన్. దాని అడుగు మూత ఊడి, తెల్లటి కాగితపు చుక్కలు పాప జుట్టంతా, అతని మెడంతా, గచ్చు మీది రక్తం నిండా పడి ఉన్నాయి.

అందరూ కింద పడ్డ ఆ ఇద్దరి మీదికి వంగారు. ఆ రెండు నిమిషాల్లో నేను చేసింది ఇది. పాప చేతుల్లోంచి మిషన్ తీసుకున్నాను. తాడు మీద చేతికందిన రుమాలు లాగి తుడిచాను. బీరువా కింది సొరుగులో మిషన్ పడేశాను. "నోరు తెరవకు" అన్నాను. రుమాలు చూసుకుంటే నీలం గళ్ళది.

అతన్ని కుట్లు వేయించడానికి తీసుకెళ్ళారు. వెనక నుంచి పడిన దెబ్బ, ఎవరు కొట్టారో అతను చూడలేదు. హాల్లో వాళ్ళు మాత్రం "ఆ లాలాపేట పోరడే సార్" అన్నారు. మిగతా పిల్లలు నేల చూశారు. అబ్బాయి మా పాపను చూశాడు, నన్ను చూశాడు, తల దించుకున్నాడు.

సారు నన్ను పక్కకు పిలిచారు. "ఆ పిల్లగాని మీద స్టేషన్ల కంప్లైంట్ ఇద్దాం. గది సంగతంటవా, నువ్వు గింత కష్టపడ్డవ్, ఉండనీ. బయటి పోరగాళ్లను రానియ్యకు, అంతే. పొద్దుగాల పదింటికల్లా చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టియ్యి. నీ బిడ్డ భయపడ్డట్టున్నది, ఇంటికి తీస్కపో."

గది ఉంటుంది. నేను ఆ అబ్బాయి పేరు రాస్తే చాలు.

గేటు దగ్గర ఆ అబ్బాయి నాన్న ఎదురొచ్చాడు. వెల్డింగ్ పని చేస్తాడేమో, ముంజేతుల నిండా కాలిన మచ్చలు. కొడుకు నోటి రక్తం చూసి కూడా ఆగలేదు. కాలి చెప్పు తీసి వీపు మీద, తల మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాడు. "సదువుకొమ్మని పంపిస్తే తలకాయలు పలగ్గొడ్తవారా? పోలీసోల్లు ఇంటికొస్తే మీ అమ్మ ఏమైతదిరా?"

"నేను కొట్టలే బాపూ" అన్నాడు అబ్బాయి, ఒక్కసారే. మళ్ళీ అనలేదు. చెప్పు పడుతున్న ప్రతిసారీ పాప గోళ్ళు నా మణికట్టులో దిగాయి. నేను బ్యాగు సర్దుకుని నడిచాను.

మా ఆయన ఊళ్ళో లేరు. ఇంట్లో పాప తల దువ్వుతుంటే కాగితపు చుక్కలు రాలుతూనే ఉన్నాయి. ఆరేళ్ళ మా బాబు వాటిని ఏరి అగ్గిపెట్టెలో వేసుకుంటున్నాడు. కొన్ని ఎర్రగా ఉన్నాయని సంబరపడ్డాడు. అగ్గిపెట్టె లాక్కుని వాడి వీపు మీద ఒకటి వేశాను. వాడు ఎందుకో తెలియక ఏడ్చాడు.

పాప అప్పుడు నోరు తెరిచింది. "అమ్మా, తలుపెందుకు మూసినవ్?"

"బయటివాళ్ళు లోపలికి రాకుండా, పాపా."

"లోపల మేముంటిమి గదా."

దువ్వెన నా చేతిలోంచి తీసుకుని అంది. "గొళ్ళెం లోపలికి మార్చుమని రాసింది నేనే. నువ్వు చదవలేదా?"

చదివాను, చదివి పక్కన పెట్టాను. పేపర్ల గదిని పిల్లల గది చేశాం. బోర్డు మార్చాం, పుస్తకాలు మార్చాం. గొళ్ళెం మాత్రం పేపర్ల కోసం పెట్టిన చోటే ఉంచాం.

పిల్లలు పడుకున్నాక బల్ల మీద తెల్ల కాగితం పెట్టుకున్నాను. అబ్బాయి పేరులో మొదటి అక్షరం రాసి ఆగాను. ఇన్నాళ్ళ తర్వాత ఇప్పుడూ రాత్రే, అదే బల్ల దగ్గరే ఇది రాస్తున్నాను. ఆ ఒక్క అక్షరం ఉన్న కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

ఆ మర్నాడు పొద్దున ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. బాబు యూనిఫాం వేసుకోబోతుంటే వద్దన్నాను. వాళ్ళతో ఇలా చెప్పాను.

"ఈ పొద్దు బడి లేదు. ముందు లాలాపేటకు పోదాం, ఆ అన్న వాళ్ళింటికి. వాళ్ళ నాన్నకు చెప్పల్ల. ఆ తర్వాత సారు దగ్గరికి, తలకు దెబ్బ తగిలిన అన్న దగ్గరికి. మిషన్‌తో కొట్టింది తనేనని అక్క చెప్తుంది. రక్తం తుడిచి దాచింది నేను, గొళ్ళెం వేసింది నేను, నిన్న గేటు దగ్గర నోరు మూసుకుని నడిచొచ్చింది నేను. అవి నేను చెప్పల్ల. ఆ గది ఇంక ఉండకపోవచ్చు, నా ఉద్యోగం కూడా. అక్క ఏడిస్తే నువ్వు చెయ్యి పట్టుకో నాయనా. ఇడ్లీ తినండి, నడిచి పోవల్ల."