ప్రాణహాని ఉన్న మా అన్నయ్య

మాది కృత్తివెన్ను దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల చెరువు నుంచి ఉప్పునీరు దిగి, పక్కనే ఉన్న మా అన్నయ్య వరిచేను చౌడుబారింది. చెరువు అనుమతి రద్దు చేయాలని అన్నయ్య హైకోర్టుకెక్కాడు.

"ఇద్దరం వెళ్లేది అక్కడికేగా, రెండు కార్లెందుకు బావా?" అన్నాడు మా ఆయన, వాయిదా రోజు పొద్దున. ఇద్దరికీ క్యారేజీ కట్టుకుని నేనూ ఎక్కాను.

కోర్టులో ముగ్గురం వెనక బెంచీ మీద కూర్చున్నాం. సొంత భూమిలో చెరువు తవ్వుకునే హక్కు ఎంతవరకని లాయర్లు వాదించుకుంటున్నారు. ఏసీ చల్లదనానికి అన్నయ్య కునుకు తీస్తూ మా ఆయన భుజం మీద తల వాల్చేశాడు. సరిగ్గా అప్పుడే అన్నయ్య లాయరు గొంతు పెంచాడు.

"ప్రతివాది వల్ల మా క్లయింటుకి ప్రాణహాని ఉందండీ. పోలీసు రక్షణ ఇప్పించాలి."

"మీ క్లయింటు వచ్చారా?" అన్నారు జడ్జిగారు.

మా ఆయన కంగారుగా భుజం కదిపాడు. "బావా, లే లే! నిన్నే పిలుస్తున్నారు."

"నిద్ర లేపుతున్న మీరెవరు?" అన్నారు జడ్జిగారు మావైపు చూసి.

"ప్రతివాదినండీ," అన్నాడు మా ఆయన, లేచి చేతులు కట్టుకుని.

హాలంతా నవ్వులు. నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

రక్షణ దొరకలేదు, కేసు మాత్రం నడుస్తూనే ఉంది. ఆ తర్వాత నుంచి ప్రతి వాయిదాకీ లాయర్లు నన్ను ఇద్దరి మధ్యా కూర్చోబెడుతున్నారు. ఇప్పుడు చెరో భుజం మీదా ఇద్దరూ నిద్రపోతున్నారు. నిజానికి ఆ రక్షణేదో నా భుజాలకి కావాలి.