పన్నెండో ప్రశ్నకు వచ్చిన జవాబు

దెయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక కూడా నమ్మేవాళ్లలో నన్ను కలపొద్దని ముందే చెబుతున్నాను. రాజమండ్రిలో ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. ఎందరికో ఈ చేతులతోనే కళ్లు మూశాను. చేతులు కడుక్కుని, క్వార్టర్స్‌కి వెళ్లి అన్నం తిని పడుకునేదాన్ని. ఎవరూ నా వెంట రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాను. థీసిస్ పని మీద మండపేట అవతల ఒక ఊరికి వెళ్లేదాన్ని. ఊరి పేరు రాయను, అక్కడి తల్లులకు అలా మాటిచ్చాను. కాన్పయ్యాక మొదటి నలభై రోజులు తల్లిని ఎవరు చూసుకుంటారు, ఎలా చూసుకుంటారు అన్నది నా విషయం. అచ్చు వేయించిన ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. ఒక్కదాన్నే.

అందులో పన్నెండో ప్రశ్న, "బిడ్డకు పాలివ్వడం మీకు ఎవరు నేర్పారు?" అని. అమ్మ, అత్తగారు, ఆస్పత్రి నర్సు. సాధారణంగా ఇవే జవాబులు.

ఆ రోజు ఉదయం పదకొండు గంటలకు సత్యవేణి ఇంటికి వెళ్లాను. ఆ పేరు మార్చిందే. ఆపరేషన్ కాన్పు అయి పన్నెండు రోజులు. పసిపిల్ల రొమ్ము పట్టడం లేదు, ఏడ్చి ఏడ్చి పెదాలు ఎండిపోయాయి. అత్తగారు అప్పటికే పాలపొడి డబ్బా, సీసా తెచ్చిపెట్టి వరి ఊడ్పులకు వెళ్లిపోయింది.

కాగితాలు పక్కన పెట్టి నాకు తెలిసినవన్నీ ప్రయత్నించాను. ఒళ్లో దిండు వేసి పిల్లని పడుకోబెడితే కుట్ల మీద బరువు పడి ఆ అమ్మాయి కేక పెట్టింది. అరగంటయ్యింది. పిల్లకి ఏడ్చే ఓపిక కూడా పోయేలా ఉంది. నర్సునై ఉండి ఏమీ చెయ్యలేకపోయానన్న ఉక్రోషంతో, చేతులు కడుక్కునే వంకతో ఇంటి ముందున్న కుళాయి దగ్గరికి వెళ్లాను.

ఆ ఇంటికి ఉన్నది ఒకటే గది, ఒకటే గుమ్మం. వెనక గోడకి ఆనుకుని రైసు మిల్లు గోడ. కుళాయి నుంచి గుమ్మం నాలుగు అడుగులు. నేను గుమ్మం వైపు తిరిగే చేతులు కడుక్కున్నాను.

ఉన్నట్టుండి ఏడుపు ఆగింది. పిల్లకి ఏమైందోనని లోపలికి పరుగెత్తాను.

సత్యవేణి గోడకి ఆనుకుని కూర్చుంది. పిల్ల ఆమె కుడి చంక కింద, కాళ్లు వెనక్కి, తల ముందుకి ఉంది. గుటకలు వినిపిస్తున్నాయి. కుట్ల మీద బరువే లేదు. ఆపరేషన్ అయిన తల్లులకు అలా పట్టుకోవడం సుఖమని ఆ ఏడాదే ఒక ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూశాను. ఆ అరగంటలో నాకే గుర్తు రాలేదు.

"ఇలా పట్టుకోమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాను.

"అదేంటండీ, మీతో వచ్చినావిడే కదండీ. ఇప్పుడే సర్దేసి వెళ్లేరు."

"నాతో ఎవరూ రాలేదు."

నేను వేళాకోళం ఆడుతున్నానేమో అనుకుంది. "పొట్టిగా, కళ్లజోడు పెట్టుకుని... ఎడం చెయ్యి పైకి లేవదు పాపం. కుడి చేత్తోనే సర్దేరు."

మంచం కింద చూశాను. ధాన్యం బస్తాల వెనక చూశాను. చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఎవరూ లేరు.

ఆ సాయంత్రం పాత కాగితాలు తీశాను. అదే ఊళ్లో అంతకుముందు నలుగురు తల్లులు పన్నెండో ప్రశ్నకి "నర్సమ్మ గారు" అన్నారు. ఊరి నర్సే అనుకుని రాసేసుకున్నాను. మర్నాడు నలుగురి దగ్గరికీ మళ్లీ వెళ్లాను. నేనేమీ మాట అందించలేదు, ఆవిడ ఎలా ఉన్నారని మాత్రమే అడిగాను. ముగ్గురు ఎడమ చెయ్యి సంగతి చెప్పారు. నాలుగో అమ్మాయికి ముఖం గుర్తు లేదు గానీ, దిండు తీసుకుని చంక కింద పెట్టి చూపించింది. అందరివీ ఆపరేషన్ కాన్పులే. అందరూ రెండు మూడేళ్ల కిందట కోడళ్లుగా ఆ ఊరు వచ్చినవాళ్లే. ఒకరి వీధికి ఒకరు వెళ్లరు.

ఊరి నర్సు చిన్నపిల్ల, వచ్చి ఏడాదే అయింది. రెండు చేతులూ బాగానే లేస్తాయి. "కొందరు తల్లులు నన్నూ అడిగేరు మేడమ్, ఆ పెద్ద నర్సమ్మ గారు మళ్లీ ఎప్పుడొస్తారని," అంది. తనకంటే ముందు చాలాకాలం పనిచేసిన నర్సు పేరు పాత రిజిస్టర్‌లో చూపించింది. సువార్తమ్మ. పోయి ఎనిమిదేళ్లట.

సువార్తమ్మ గారి భర్త రిటైరైన టీచరు, పెద్దాపురంలో ఉంటారని తెలిసి వెళ్లి, ముందు ఆవిడ ఎడమ చేతి గురించి అడిగాను.

"సైకిల్ మీంచి పడి ఎడం చెయ్యి విరిగిందండి, సరిగా అతకలేదు," అన్నారాయన. "మా అమ్మాయి అప్పుడు చంటిది. ఒళ్లోకి ఎత్తుకోలేక చంక కింద పెట్టుకుని పాలిచ్చేది."

"ఊళ్లో తల్లులకి నేర్పేవారా?"

"నేర్పుదామనుకుందండి. అప్పటి డాక్టరు గారు అలాంటివి చెప్పొద్దన్నారు. ఒక్కరికీ చెప్పలేదు. పోయేదాకా ఆ మాటే తలుచుకునేది."

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. ఆయన చర్చి పెద్ద. "ఇలాంటివి మేం నమ్మకూడదండి," అన్నారు. నేను లేచి చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి మెల్లగా అడిగారు.

"ఆ పాప పాలు తాగిందా అండి?"

తాగిందని చెప్పాను.

కాలేజీలో మా గైడ్ మేడమ్ ఆ పేజీ దగ్గర ఆగిపోయారు. "ఈ అయిదు కాగితాలూ తీసెయ్యి. లేదా ఊరి నర్సు అని రాసెయ్యి."

"వాళ్లు ఆ నర్సు కాదన్నారండి."

"అయితే చచ్చిపోయినావిడ వచ్చి నేర్పిందని రాస్తావా? నీకు డిగ్రీ కావాలా వద్దా?"

"చచ్చిపోయినావిడని రాయనండి. తల్లులు చెప్పిందే రాస్తాను. ఎడమ చెయ్యి లేవని ఒక స్త్రీ అని."

రెండు నెలలు సంతకం పెట్టలేదావిడ. రోజూ వెళ్లి గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తోటివాళ్లు పిచ్చిదాన్నన్నారు, ఒక్క లైనుకి ఇంత పట్టుదలేంటన్నారు. ఆ లైను నాది కాదు, వాళ్లదన్నాను. చివరికి విసుగొచ్చి పెట్టారు.

థీసిస్ మీద ప్రశ్నలడిగే వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు అదే పేజీ తెరిచారు.

"ఎవరీమె?"

"తెలీదు సార్."

"తెలియనిది థీసిస్‌లో ఎందుకు రాశారు?"

"మిగతా ప్రశ్నలన్నిటికీ ఆ తల్లుల మాట నమ్మాం సార్. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం వాళ్లకి మతి లేదని ఎలా అనమంటారు?"

ఆయన కళ్లజోడు తీసి నన్ను చూసి, పేజీ తిప్పేశారు. మార్కులు తక్కువే వచ్చాయి. పాసయ్యాను.

ఇన్నేళ్లలో ఎన్నో రకాలుగా ఆలోచించాను. అత్తలు కోడళ్లకి పాత నర్సు గురించి చెప్పి ఉంటారనుకున్నాను. వెళ్లి అత్తలనీ అడిగాను. పిల్లని అలా పట్టుకోవడం వాళ్లెవరూ ఎరగరు. ఎండకి నాకే కళ్లు తిరిగి గుమ్మంలోంచి వెళ్లే మనిషిని చూడలేదేమో అనుకున్నాను. అయినా నలుగురి మాట మిగిలే ఉంది. నాకు అంతు దొరకలేదు. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను.

ఎవరైనా వివరణ చెబితే కూర్చుని వింటాను. ఆ తల్లులు అబద్ధమాడారని మాత్రం చెప్పకండి. అది వినను.