నది అవతలి గంట

ఉదయం ఆరు కావస్తోంది. చలి మైనస్ ఇరవై మూడు. ఊపిరి మీసాల మీదే గడ్డకడుతోంది. నిన్న మధ్యాహ్నం తాగిన బఠాణీ సూపు తర్వాత టోర్వాల్డ్ కడుపులో ఏమీ పడలేదు. తను పనిచేసే కలప మిల్లు క్యాంటీన్‌లో రెండు రొట్టెముక్కలైనా దొరక్కపోతాయా అని గబగబా నడిచాడు.

గేటు దగ్గర తోటి పనివాడు అల్పో అప్పటికే నిలబడి ఉన్నాడు. కనుబొమల నిండా మంచు.

"ఇంత పొద్దున్నే ఏంటి పెద్దాయనా?"

"టైముకే వచ్చా. గేటు తీసేవాడే లేడు." అల్పో ఫోను చూపించాడు. అందులో ఏడు కావస్తోంది.

నది ఇవతల స్వీడన్, అవతల ఫిన్లాండ్. అక్కడ గంట ముందు. అల్పో ఇల్లు ఒడ్డునే కావడంతో ఫోను ఒక్కోసారి అవతలి టవర్‌ని పట్టుకుని, అక్కడి గంటే చూపిస్తుంది. ఆ వారంలో ఇది మూడోసారి.

గేటు తీశాక క్యాంటీన్‌లోకి వెళ్ళగానే, సంగతి విని వంటామె గున్వోర్ అందుకుంది. "నీకు పెళ్ళి కాలేదు కానీ, నీ ఫోనుకి మాత్రం అవతల ఎవరో ఉన్నారయ్యా."

అల్పో నవ్వాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడ చెక్కలు పేరుస్తున్న మనిషి. ఆయన పేర్చిన వరస మీద గుడ్డు పెట్టినా దొర్లదని పేరు. తనకంటూ ఉన్నది ఒక్క అక్క, లెంపి. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో ఉంది. శనివారం శనివారం పొగబెట్టిన చేప గుడ్డలో చుట్టుకుని వంతెన దాటేవాడు. మధ్యరోజుల్లో ఆమె ఫోటోలు పంపేది, కిటికీ మీద వాలిన పిట్టవో, తినలేక వదిలేసిన జావవో. పరిస్థితి చెయ్యిదాటేలా ఉంటే నర్సు ఫోన్ చేస్తుంది, వెంటనే రావాలి. అదీ అనుకున్న మాట.

"ఇటివ్వు, దీని తిరుగుళ్ళు నేను మాన్పిస్తా," అన్నాడు టోర్వాల్డ్. చదువు ఏడో తరగతితో ఆపేసినా ఫోన్ల సంగతి తనకే తెలుసని అతని నమ్మకం. విమానం బొమ్మ నొక్కాడు. వైఫై తెరిచాడు. ఫోన్లో టైము చేత్తో గంట వెనక్కి తిప్పాడు. "ఇక టవర్ జోలికే పోదు. మిల్లులో వైఫై ఉంది, నీ ఇంట్లో ఉంది. అన్నీ అందులోనే వస్తాయి."

"అన్నీనా?"

"అన్నీ. గాల్లో వచ్చేది ఏదైనా ఒకటేగా."

అంతలోనే లెంపి పంపిన ఫోటో వచ్చింది. అల్పో మొహం వెలిగింది. తన చేపలో సగం, రొట్టెలో సగం టోర్వాల్డ్ ముందుకు నెట్టాడు. ఆకలి మీద టోర్వాల్డ్ ముల్లు కూడా చూసుకోకుండా తిన్నాడు.

మరుసటి వారం బుధవారం నుంచి ఫోటోలు ఆగిపోయాయి. నిద్రపోతోందిలే అనుకున్నాడు అల్పో. శనివారం వంతెన దాటి వెళ్తే ఆమె మంచం ఖాళీ, దాని మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

సోమవారం ఫోను తెచ్చి గున్వోర్ ముందు పెట్టాడు. "ఆసుపత్రి నుంచి ఏడుసార్లు చేశారంట తల్లీ. గురువారం పొద్దున పోయేదాకా అక్క నన్నే అడిగిందంట. ఇది ఒక్కసారీ మోగలేదు."

గున్వోర్ చూసింది. "విమానం గుర్తు పెట్టుంటే ఎలా మోగుతుంది? వైఫై అంటే గోడకున్న ఆ డబ్బాలోంచి ఈ గదుల దాకానే. దాంట్లో ఫోటోలొస్తాయి. మామూలు కాల్ టవర్ మీదే రావాలి, ఈ పాత ఫోనుకి వేరే దారి లేదు. ఎవరు పెట్టారిలా?"

టోర్వాల్డ్ చేతిలో చెంచా ఆగిపోయింది. అల్పో అతని వైపు చూడలేదు.

"నేనే ఏదో నొక్కేసుంటాను," అన్నాడు.

చెప్పాల్సింది అప్పుడే. టోర్వాల్డ్ చెప్పలేదు. కాసేపటికి సూపు తాగడం కూడా ముగించాడు. మంగళవారం చెబుదామనుకున్నాడు, తర్వాత గురువారం.

శుక్రవారం పని దిగాక అల్పో చివరి వరస సరిచేశాడు. రోజూ వెంట తీసుకెళ్ళే చేతితొడుగులు మిల్లులోనే మేకుకి తగిలించేశాడు. గేటు దగ్గర టోర్వాల్డ్ కాచుకుని ఉన్నాడు. ఒక అడుగు ముందుకేశాడు. అల్పో పక్కనుంచే వెళ్ళిపోయాడు, ఇంటివైపు కాదు, వంతెనవైపు.