అవ్వ అడిగితే ఆట ఆగేది

మాట కోసం భార్యను అమ్మే రాజు కథ, మన పాత నాటకమే, నిన్న మంచిర్యాలలో సినిమాగా చూశాను. రాజు త్యాగానికి హోరెత్తే సంగీతం పెట్టారు. రాణి అందంగా ఏడ్చింది, అంతే. ఒళ్లు మండింది.

మన నేత వాడలో మరమగ్గాల సాంచాలు బందు పెట్టి చూసిన నాటకం గుర్తుందా, నేస్తం? వేషగాళ్లు ముఖాలకు పూసుకున్న అర్దళం వాసన? రాణిని అమ్మే ఘట్టంలో మా అవ్వ గొంగడి మీంచి లేచేది.

"ఓ రాజా! మాటిచ్చింది నువ్వు, ఆమెనెందుకు అమ్ముతున్నవ్?"

హార్మోనియం ఆగేది. ఆడవాళ్లు అడిగితే జవాబు చెప్పాకే ఆట సాగాలి, అది మన వాడ కట్టుబాటు.

"తప్పే అక్కా! జర ఆట సాగనియ్యి."

"నాకు కాదు, గామెకు చెప్పు."

రాజు రాణికి దండం పెట్టాకే అవ్వ కూర్చునేది.

నిన్న హాల్లో నేనూ లేచి అడిగాను. వెనకవాళ్లు కూర్చోమని అరిచారు.

తెర మీది రాజు ఆగలేదే, అవ్వా.