నాయన మళ్లీ మింగడం నేర్చుకున్న రోజులు

న్యుమోనియా తగ్గి ఊపిరి మిషన్ తీసేయగానే, మగ్గం నేసే మా నాయనకు గండం గడిచిందని మా ధర్మవరం చుట్టాలంతా సంతోషపడ్డారు. హిందూపురం ఆసుపత్రిలో మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది. ఇన్నాళ్లూ మిషన్ గొట్టం ఉండడంతో గొంతు నీరసించి, నాయన మాట గుసగుస దాటడం లేదు. మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ముక్కులోంచి వేసిన గొట్టంతోనే తిండి. ఇలాగే ఉంటే పొట్టకు రంధ్రం చేసి గొట్టం వేయాలన్నారు డాక్టరు.

జబ్బు మనిషికి నీళ్లే అన్నిటికన్నా తేలికని మా అవ్వ నమ్మకం. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడకుండా రెండు గుక్కలు పోసింది. నాయన ముఖం కమిలిపోయేదాకా దగ్గాడు. నర్సు పరుగున వచ్చి గొంతులోని తడిని మిషన్‌తో లాగేసింది.

"నీళ్లే గదమ్మా పోసింది, ఇసమా?" అంది అవ్వ నర్సుతో.

"నీళ్లు ఉరుకుతాయవ్వా. ఆయన గొంతుకు ఇంకా అంత వేగం రాలేదు. చిక్కటిదైతే మెల్లగా దిగుతుంది," అన్నారు మాటతోపాటు మింగడమూ నేర్పే స్పీచ్ థెరపిస్టు మేడమ్. కోప్పడలేదు.

ఆ తర్వాత అందరూ ఒకే వేళకు వచ్చేవారు. ఫిజియోథెరపిస్టు నాయనను నిటారుగా కూర్చోబెట్టి దగ్గించి కఫం తీయించేవారు. మేడమ్ చిక్కటి రాగిజావ చెంచాతో అందించేవారు. డాక్టరు ఛాతీకి స్టెతస్కోపు ఆనించి వినేవారు. ఒకరి పని ముగియకుండా ఇంకొకరు ముందుకు వచ్చేవారు కాదు. వాళ్లను చూస్తుంటే నాకు భయం పోయింది.

చిక్కల్లా ఒక్కటే. జావ ఊపిరి దారి పట్టకుండా గడ్డం రొమ్ముకు ఆనించి మింగాలి. చెంబు ఎత్తి పోసుకునే అలవాటున్న నాయన, చెంచా చూడగానే తల వెనక్కి వంచేవాడు. ఎవరు చెప్పినా అంతే. నలుగురిలో నోరెత్తని నేను ఆ రోజు ఆగలేకపోయాను.

"నాయనా, మగ్గంలో పోగు తెగింది సూడు!"

ఠక్కున తల వంచాడు. జావ దిగింది. దగ్గు రాలేదు.

"యాడ తెగిందే?" అన్నాడు. బొంగురుగానే ఉన్నా అది గుసగుస కాదు, గొంతు. అందరూ నవ్వారు. డాక్టరు చేత్తో ఆగమని సైగ చేసి, ఛాతీకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు.

"ఛాతీలో తడి చప్పుడు లేదు. పొట్టకు గొట్టం అక్కర్లేదు."

అవ్వ వెంటనే అందుకుంది: "అయితే సంగటి ముద్ద ఎప్పుడు పెట్టల్ల?"

"ముందు బాగా నమలడం రావాలవ్వా," అన్నారు మేడమ్.

"సంగటి ఎవురన్నా నములుతారామ్మా? మింగేదే గదా!"

మేడమ్ కుర్చీ లాక్కుని అవ్వ పక్కన కూర్చున్నారు. "ఎట్లా మింగుతారో చెప్పండి. అక్కడిదాకా ఆయన్ను తీసుకుపోదాం."