మత్సుమోతోలో ఉన్న సింహాచలం

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. హార్బర్‌లో అలాంటి కథలకు కొరత ఉండదు. ఫలానా బెర్తు దగ్గర ఎవరో పేరు పెట్టి పిలిచారనీ, ఫలానా క్రేను తనంతట తనే కదిలిందనీ టీ కొట్టు దగ్గర చెప్పుకుంటుంటే నేను గ్లాసు పట్టుకుని పక్కకు వెళ్ళిపోయేవాణ్ణి. నాకు తెలిసిన భయాలు రెండే. ఓడ ఆలస్యం కావడం, కాగితంలో తప్పు దొర్లడం.

ఇది రాయడానికి కారణం కూడా ఒక కాగితమే. దాని మీద నా సంతకం ఉంది. అందులో రాసింది అబద్ధం. ఇన్నేళ్ళూ ఆ సంగతి నలుగురైదుగురికి తప్ప తెలియదు. నాకిప్పుడు నలభై ఏడేళ్ళు. ఇంకా దాచుకోవడం మంచిది కాదనిపించి రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను విశాఖపట్నంలో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. మాది గోదావరి వైపు. మద్దిలపాలెంలో రెండు గదుల అద్దె ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు. ఆఫీసులో చేరి ఏడాది కాలేదు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇనప ఖనిజం కోసం జపాన్ ఓడలు ఔటర్ హార్బర్‌కు వచ్చేవి. ఓడ రాగానే ఎక్కి సిబ్బంది జాబితా తీసుకోవడం, ఒడ్డుకు దిగేవాళ్ళకు పాసులు ఇప్పించడం, ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళడం నా పని.

అలా ఒక ఓడ జాబితాలో వంటమనిషి పేరు మత్సుమోతో అని ఉంది. పుట్టిన ఊరు అన్న గడిలో కూడా మత్సుమోతో అనే ఉంది. టైపు చేసినవాడు పొరపాటున రెండుసార్లు కొట్టాడనుకుని ఆ మనిషినే పిలిచి అడిగాను. యాభై ఏళ్ళుంటాయి, పొట్టిగా, చేతుల నిండా పిండి. నవ్వాడు. తన గుండె మీద వేలు పెట్టి ఒకసారి, దూరంగా చూపిస్తూ ఒకసారి, అదే పేరు చెప్పాడు. వాళ్ళ దేశంలో ఇది మామూలేనని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత అరచేతులతో కొండలు కట్టి చూపించాడు. వాళ్ళ ఊరి చుట్టూ కొండలేనట, చలికాలమంతా మంచేనట, సముద్రం లేదట. సముద్రం లేని ఊళ్ళో పుట్టి ముప్పై ఏళ్ళుగా ఓడల మీదే ఉన్నానని చెప్పి మళ్ళీ నవ్వాడు.

మా ఇంటిపేరు ఆలమూరనీ, అది మా తాతల ఊరి పేరనీ నేను చెప్పాను. అది అతనికి చాలా నచ్చింది. అప్పటినుంచి నేను ఓడ ఎక్కితే ఆలమూరు, ఆలమూరు అని పిలిచి ఒక గిన్నెడు వేడి సూపు ఇచ్చేవాడు.

ఆ ఓడ రెండోసారి వచ్చినప్పుడు అతనికి కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాను. అపెండిక్స్ అప్పటికే పగిలిపోయింది. ఖనిజం నింపుకున్న ఓడ ఒక మనిషి కోసం ఆగదు, వెళ్ళిపోయింది. నాలుగో రోజు అతను చనిపోయాడు. దహనం చేయించమని కంపెనీ నుంచి వర్తమానం వచ్చింది. మిగతా సంగతులు తర్వాత తెలియజేస్తామన్నారు.

నాకు తోడు వచ్చింది మా లాంచీ డ్రైవరు అప్పలరాజు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. నన్ను బావా అని పిలిచేవాడు, నేనూ అతన్ని అలాగే పిలిచేవాణ్ణి. మర్నాడు అస్థికలు కుండలో పెట్టి, గుడ్డ కట్టి మా చేతికిచ్చారు. వాటిని ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఆఫీసులో పెట్టనివ్వరు. లాంచీలో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాం.

"బావా, ఈ మడిసి బతికినన్నాళ్ళూ సముద్రం మీదే బతికీసాడు. సముద్రంలో కలిపీడం కంటే పున్నెం ఏటుంటాది?" అన్నాడు అప్పలరాజు.

నాకూ అది సబబుగానే తోచింది. మనవాళ్ళు పోతే గోదావరిలో కలపడానికి ఎంత దూరమైనా వెళ్తాం. ఇతనికి నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి. హార్బర్ దాటి కొంతదూరం వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, అగరొత్తులు వెలిగించి కలిపేశాం. కుండ కూడా వదిలేశాం. మంచి పని చేశామనుకున్నాను. ఆఫీసు ఫైల్లో మాత్రం, అలవాటుగా వాడే వాక్యం ఉంటుంది కాబట్టి, 'అవశేషాలు భద్రపరచబడినవి' అని రాసి సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా జపాన్ కంపెనీ నుంచి టెలెక్సు వచ్చింది. వాళ్ళ ఆచారంలో ఎముకలు కుటుంబ సమాధిలోకి చేరాలట. చెల్లెలు ఎదురుచూస్తోందట. తర్వాతి ఓడలో పంపమన్నారు. మేనేజరు ఫైలు తిరగేసి, "భద్రంగానే ఉన్నాయి కదా, పంపించెయ్యి" అన్నాడు.

అప్పుడే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఖాయం కాని ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. అంతకంటే వేరే కారణం వెతుక్కోను.

"ఏటి బావా, అలాగున్నావ్? అత్తోరు ఒచ్చి తిష్టేసారేటి?" అన్నాడు అప్పలరాజు నా మొహం చూసి. చెప్పాను. వాడు లాంచీ తాడు ముడేసి వచ్చాడు. తర్వాత, "ఎముకలు ఎవులియైనా తెల్లగే ఉంటాయి బావా" అన్నాడు.

శ్మశానంలో వేపకొమ్మకు ఒక కుండ వేలాడుతోంది. చనిపోయినవాళ్ళ బంధువు ఎవరో ఖరగ్‌పూర్ నుంచి రావాలనీ, వచ్చాక నిమజ్జనం చేస్తారనీ కాటికాపరి చెప్పాడు. అతన్ని బతిమాలి అందులోంచి సగం తీసుకున్నాను. ఆ కుండ ఎవరిదని అడగలేదు. అడిగితే పేరు తెలుస్తుంది. పేరు తెలిస్తే తీసుకోలేనని నాకు తెలుసు. కొత్త జాడీలో పోసి, మూత బిగించి, చీటీ అంటించి ఓడ ఎక్కించాను. చీటీ మీద మనిషి పేరు మత్సుమోతో, చేరవలసిన ఊరు మత్సుమోతో.

ఏడాది గడిచింది. ఉద్యోగం ఖాయమైంది.

ఒకరోజు పగలు పదకొండు గంటలకు అదే కంపెనీ వాళ్ళ మరో ఓడ ఎక్కాను. ఆ ఓడ చీఫ్ ఆఫీసరు నన్ను భోజనాల గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు. మత్సుమోతో చెల్లెలు రాసిందట. అంత్యక్రియలు జరిపించిన గుమాస్తాకు చదివి వినిపించమని కోరిందట. అతను ఒక్కో వాక్యమే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు.

నాకు గుర్తున్నంతవరకు అందులో ఉన్నది ఇది. అన్న ఎముకలు సమాధిలో పెట్టిన రోజునుంచి ఇంట్లో అతని ఫొటో ముందు ఒక స్త్రీ కూర్చుని కనిపిస్తోంది. వయసు మళ్ళిన మనిషి, నల్లగా ఉంటుంది, ఒంటికి చుట్టుకున్న గుడ్డ ఒకే పొడవాటి గుడ్డ. కుడిచేతికి చివరి రెండు వేళ్ళు లేవు. చలికి వణుకుతూ ఉంటుంది. రోజూ పొద్దున్నే అన్న కోసం పెట్టే అన్నం వైపు చూస్తుంది. ఒకే మాట పదే పదే అంటుంది. చెల్లెలు ఆ మాటను వాళ్ళ అక్షరాల్లో రాసింది. అతను కూడబలుక్కుంటూ చదివాడు. వాళ్ళ నోట ఎలా తిరిగినా, ఆ మాట సింహాచలం.

ఉత్తరం చివర రెండు ప్రశ్నలున్నాయి. ఈమె ఎవరు? మా అన్న ఎక్కడ?

టీ కప్పు బల్ల మీద పెట్టేశాను. ఆఫీసరు ఉత్తరం మడిచాడు. "ఇది మీ ఊరి దగ్గర స్టేషను పేరే కదా, మ్యాపులో చూశాను. అన్న ఎప్పుడో ఉత్తరంలో రాసి ఉంటాడు. దుఃఖంలో ఉన్న మనిషికి ఏవేవో కనిపిస్తాయి" అన్నాడు. అవునన్నాను. ఆ జాడీలో ఉన్నది మీ అన్నేనని రాయించి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. నేను మొదట చెప్పిన కాగితం అదే.

ఊరి పేరు తెలియడంలో వింత లేదు. కానీ ఆ రెండు వేళ్ళ సంగతి నన్ను కూర్చోనివ్వలేదు. మర్నాడు కాటికాపరి దగ్గరికి వెళ్ళి, ఏడాది కింద అడగాల్సిన మాట అప్పుడడిగాను.

"కంచరపాలెం గేటుమేను పైడయ్య పెళ్ళాం బాబు. దాని పేరు సింహాచలం. జనపనార మిల్లులో సేసీది, మిషన్లో కుడిసేతి ఏళ్ళు రెండు పోనాయి. కట్టెల మీద ఎట్టినప్పుడు నానే సూసినాను" అన్నాడు.

ఉత్తరాంధ్రలో వీధికొక సింహాచలం ఉంటుంది. మగవాళ్ళకూ అదే పేరు, ఆడవాళ్ళకూ అదే పేరు, కొండకూ అదే పేరు. అది నాకు చిన్నప్పటినుంచి తెలియదు గానీ, ఈ ఊరు వచ్చిన మొదటి నెలలోనే తెలుసు. అయినా ఆ పేరు ఆ ఉత్తరంలో ఒక మనిషి తనను తాను చెప్పుకుంటున్న పేరని నాకు తట్టలేదు.

పైడయ్య ఇల్లు రైలు పట్టాల పక్క సందులో ఉంది. అద్దెకు ఇల్లు వెతుకుతున్నానని చెప్పి అతని అరుగు మీద కూర్చున్నాను. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. అడక్కుండానే భార్య మాట ఎత్తాడు.

"మా ముసల్ది ఉంటే నీకు టీ ఎట్టీది బాబు. పోయి ఏడాదయింది. అయినా నన్నొగ్గదు. కల్లోకొచ్చి సలేత్తంది, సలేత్తంది అంటాది. ఇశాపట్నంలో అంత సలెప్పుడుంటాది? తెల్లగా, దూదిలాగ ఏటో పడతందంట. ఇజీనారం దాటి ఎప్పుడూ ఎల్లనేదు అది. ఎక్కడ సూసిందో మరి."

నేను అతనికి చెప్పలేకపోయాను. నీళ్ళు తాగి లేచి వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళడానికి చాలా నెలలు పట్టింది. దీపావళి వెళ్ళిన వారం, ఆ చీఫ్ ఆఫీసరు ఉన్న ఓడ రెండు రోజుల్లో వస్తుందని తెలిసి, ఆఫీసుకు సెలవు పెట్టి పొద్దున్నే వెళ్ళాను. ఈసారి అబద్ధం చెప్పలేదు. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

అతను పట్టాల వైపు చూస్తూ విన్నాడు. ఒక గూడ్సు బండి వెళ్ళాక ఇటు తిరిగాడు.

"ఆ ఊరి పేరేటన్నావు?"

"మత్సుమోతో."

"పోయినాయన పేరో?"

"అదే."

"మరి దాని పేరూ అంతే గదా, మడిసిదీ ఊరిదీ ఒకటే" అన్నాడు. కాస్సేపటికి, "అక్కడ దానికి ఎవులైనా బువ్వెడతన్నారా?" అని అడిగాడు.

రోజూ పొద్దున్నే ఫొటో ముందు అన్నం పెడతారట, కానీ అది ఆ చెల్లెలు తన అన్న కోసం పెట్టేదని చెప్పాను.

"అడగదు. అది ఎవుల్నీ అడగదు. మిల్లులో సేతి ఏళ్ళు పోనప్పుడు కూడా ఎవుల్నీ ఏటీ అడగనేదు. నువ్వు ఓ ఉత్తరం రాయి బాబు. దానికి సలి పడదని రాయి. ఓ దుప్పటి కప్పమను. దానికోసం ఓ ముద్ద ఏరేగా ఎట్టమను. పేరు పిలిసి ఎట్టమను."

"నన్ను ఏమీ అనవా మామా?" అన్నాను.

"నిన్ననడానికి నాకేటి తీరిక? ముందు అది సలిలో ఉంది, రాయి."

అక్కడే, అతని అరుగు మీదే రాశాను. సముద్రంలో కలిపిన సంగతి, కుండలోంచి సగం తీసిన సంగతి, ముందు రాసి ఇచ్చినది అబద్ధమన్న సంగతి, అన్నీ. కింద పైడయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను. ఓడ వచ్చాక ఆఫీసరుకు ఇచ్చాను. అతను చదివి తలెత్తలేదు. నాకు టీ ఇవ్వలేదు. కానీ వాళ్ళ భాషలోకి రాసి చేరుస్తానని మాట ఇచ్చాడు.

ఓడలు వచ్చిపోయే సమయాలు రాసుకోవడానికి నా దగ్గర ఎప్పుడూ ఒక జేబు డైరీ ఉంటుంది. ఆ ఉత్తరం వెళ్ళిన నాలుగైదు వారాలకు పైడయ్య హార్బర్ గేటు దాకా నడిచొచ్చాడు. అతను అంతకు ముందెప్పుడూ అక్కడికి రాలేదు.

"రాత్రి కల్లోకి ఒచ్చింది బాబు. సలి అన్లేదు. ఊరికే కూకుంది" అన్నాడు. అంతే చెప్పి వెళ్ళిపోయాడు. నేను డైరీలో ఆ రోజు కింద రాసుకున్నాను.

చెల్లెలి జవాబు వేసవిలో వచ్చింది, ఇంకెవరో ఓడ మనిషి చేతికిచ్చి పంపింది. ఇంగ్లీషులోనే ఉంది, ఎవరిచేతనో రాయించుకున్నట్టుంది. ఉత్తరం అందిన సాయంత్రమే తను కప్పుకునే ఉన్ని శాలువా ఫొటో ముందు పరిచి, ఆ పేరు పిలిచి అన్నం పెట్టానని రాసింది. అప్పటినుంచి ఆమె కనిపించడం లేదు. ఆ సాయంత్రం ఏ తారీకో కూడా వేసింది. డైరీ తీసి చూశాను. పైడయ్య గేటు దగ్గరికి వచ్చింది ఆ మర్నాడు.

నన్ను తిట్టలేదు. ఆమెను తిరిగి పంపమంటే పంపుతానంది. ఉంచమంటే తన వాళ్ళతోపాటే ఉంచుకుంటానంది. పైడయ్యను అడిగాను. "ఇప్పుడు కుదురుగా ఉంది గదా. మళ్ళీ అంత దూరం తిప్పడమెందుకు, ఉండనీ" అన్నాడు. అతను పోయి మూడేళ్ళయింది. దహనానికి అప్పలరాజూ నేనూ వెళ్ళాం.

మూడున్నర వేల మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఆడమనిషికి మా కంచరపాలెం సింహాచలం ఎలా కనిపించిందో, అక్కడ కప్పిన శాలువా ఇక్కడ ఎలా తెలిసిందో నాకు తెలియదు. కాకతాళీయమని అనుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. ఆ రెండు వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను.

చెల్లెలి ఉత్తరంలో చివర ఇంకో మాట ఉంది. దానికి నేనింకా జవాబు రాయలేదు. మా అన్న ఇటు ఎప్పుడూ రాలేదు, మీ దగ్గరికైనా వస్తున్నాడా అని అడిగింది.

రాలేదు. కొండల ఊరివాణ్ణి తెచ్చి నీళ్ళలో కలిపింది నేను. రావలసింది నా దగ్గరికి. ఎన్నో పగళ్ళు లాంచీలో అదే చోటు మీదుగా వెళ్ళాను. ఇంజను ఆపించి, అతని పేరు పెట్టి పిలిచాను కూడా. అతను ఒక్కసారి కూడా రాలేదు.