చింతపిక్కల లెక్క

అరవై ఎనిమిదిలో నేను కొత్త గ్రామసేవికను. కోటబొమ్మాళి దగ్గరి ఓ పల్లెలో సరిపడా పసిపిల్లలున్నారని లెక్క రాసిస్తేనే అక్కడికి బాల్వాడీ వస్తుంది. వేలు చూపించి “ఒకటి, రెండు” అన్నానో లేదో, తల్లులు పిల్లల్ని చంకనేసుకుని తలుపులు మూసేశారు. ఎస్సెస్సెల్సీ దాకా వచ్చిన నా లెక్కలు రెండు దగ్గరే ఆగిపోయాయి.

“పిల్లల్ని లెక్కెడతావేటమ్మా? దిష్టి తగిలిపోదా?” అంది కూలికెళ్ళే అప్పలమ్మ.

ఊడ్పుల్లో ఆమె బిడ్డ గట్టుమీదే ఎండలో ఏడుస్తుంటుంది. తను పొలంలో ఉన్నంతసేపూ ఆ బిడ్డని నీడపట్టున చూసుకోవడానికే బాల్వాడీ అని చెప్పాను. అంతే, నా సంచీ లాక్కుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి తల్లీ బిడ్డకొకటి చొప్పున చింతపిక్క వేసింది.

“పిక్కల్ని లెక్కెట్టుకో. ఈటికి దిష్టి తగల్దు.”

బాల్వాడీ వచ్చింది. నాకు లెక్కలు నేర్పిన మాస్టారు అప్పలమ్మే. ఇప్పటికీ చింతపండు పిసుకుతుంటే పిక్క తగిలిందంటే, ఎవరి బిడ్డో అనిపించి పారేయబుద్ధి కాదు.